గేమ్‌లో లవ్ ట్రాక్ ఉండాలా.. వద్దా? ప్లేయర్ల గొడవ అసలు దేని గురించంటే..

రాక్షసులు, మాంత్రికులు, మాట్లాడే కత్తులు.. మధ్యలో కాస్త కామెడీ, కాస్త ప్రేమ. కథతో నడిచే ఫాంటసీ గేమ్స్‌లో ఇప్పుడు ఇదే హిట్ ఫార్ములా. అయితే ఆ ప్రేమ దగ్గరికి వచ్చేసరికి ప్లేయర్లు రెండుగా చీలిపోతున్నారు. లవ్ ట్రాక్ లేకపోతే కథలో ఉప్పు లేదంటారు కొందరు. సరదాగా ఆడుకుందామని వస్తే ఈ రొమాన్స్ గోలేంటని విసుక్కుంటారు ఇంకొందరు. పైకి చూస్తే ఇష్టాయిష్టాల గొడవలా ఉంటుంది. కానీ గత ఐదేళ్లలో పెద్ద గేమ్స్ విషయంలో జరిగింది చూస్తే, అసలు సమస్య వేరే ఉందని అర్థమవుతుంది. అదేంటో డీటైల్‌గా చూద్దాం.

అసలు ఈ గేమ్స్ ఏంటి?

గేమ్ అనగానే మన ఇళ్లల్లో గుర్తొచ్చేవి రెండే. ఒకటి తుపాకులు పట్టుకుని కాల్చుకునేది. రెండోది రమ్మీ, బెట్టింగ్ లాంటి డబ్బుల వ్యవహారం. ఈ రెండూ కాని మూడో రకం ఒకటుంది. దాన్ని ఇంటరాక్టివ్ స్టోరీ గేమ్ అంటారు. అల్వాల్‌లో ఎంఎంటీఎస్ ఎక్కి సికింద్రాబాద్‌లో దిగేలోపు ఒక చాప్టర్ అయిపోయే చిన్న గేమ్స్ ఉన్నాయి. నెలల తరబడి ఆడినా తరగని పెద్దవీ ఉన్నాయి.

ఆడే పద్ధతి సింపుల్. కథ నడుస్తుంటుంది. ఒక క్యారెక్టర్ మీతో ఏదో అంటుంది. కింద మూడు నాలుగు జవాబులు కనిపిస్తాయి. మీరు ఏది నొక్కితే కథ అటు తిరుగుతుంది. పోట్లాడొచ్చు, నవ్వించొచ్చు, సాయం చేయొచ్చు. కొన్నిచోట్ల జవాబు పక్కనే గుండె గుర్తు ఉంటుంది. అంటే అది ప్రేమ దారి అని లెక్క. ఆ గుర్తు ఉందా లేదా, ఉంటే ఎప్పుడు కనిపిస్తుంది.. ఇదే గొడవకి మొదలు.

మనకి ఈ మసాలా కొత్తేం కాదు

ఫాంటసీలో ప్రేమ, కామెడీ కలపడం తెలుగువాళ్లకి ఎవరూ నేర్పక్కర్లేదు. 1951లో వచ్చిన పాతాళ భైరవి తీసుకోండి. తోటరాముడు రాజకుమారి మీద మనసు పడ్డాడు కాబట్టే నేపాళ మాంత్రికుడి వెంట వెళ్లాడు. ప్రేమే లేకపోతే ఆ సాహసమే లేదు. పక్కన అంజి చేసే కామెడీ సరేసరి. యమగోల నుంచి యమలీల, యమదొంగ దాకా యముడితోనే కామెడీ చేయించిన ఇండస్ట్రీ మనది. 1990 మే 9న వచ్చిన జగదేకవీరుడు అతిలోకసుందరిని సరిగ్గా 35 ఏళ్ల తర్వాత, 2025 మే 9న మళ్లీ థియేటర్లలో వేశారు. అప్పటి పిల్లలు ఇప్పుడు తమ పిల్లల్ని తీసుకెళ్లి చూపించగలిగే టోన్ ఆ సినిమాది.

ఇక్కడ మాయాబజార్ గురించి ఒక్క మాట చెప్పుకోవాలి. 1957 నాటి ఆ సినిమాలో ఘటోత్కచుడు శశిరేఖ వేషం వేసి పెళ్లికొడుకుని ఆటాడిస్తాడు. జనం పడీ పడీ నవ్వుతారు. కానీ గమనించండి.. ఆ నవ్వంతా ఇష్టంలేని పెళ్లి మీద. శశిరేఖ, అభిమన్యుల ప్రేమ మీద కాదు. వాళ్ల ప్రేమని సినిమా ఎక్కడా వెటకారం చేయదు. అందుకే కామెడీ కామెడీగా, ప్రేమ ప్రేమగా నిలబడ్డాయి. ఇప్పుడు గేమ్ ప్లేయర్లు 'టోన్' అని వాదించేది కూడా దీని గురించే. ఎవరి మీద నవ్వుతున్నాం, దేన్ని సీరియస్‌గా తీసుకుంటున్నాం అనేది మొదటి నుంచి చివరి దాకా ఒకేలా ఉండాలన్నది వాళ్ల మాట.

మరి తేడా ఎక్కడ?

సినిమాలో హీరో హీరోయిన్ వెంట పడతాడు. మనం సీట్లో కూర్చుని చూస్తాం. నచ్చితే విజిల్, నచ్చకపోతే ఫోన్ తీస్తాం. గేమ్‌లో అలా కుదరదు. ఆ మాట అన్నది మనమే, ఆ బటన్ నొక్కింది మనమే. అవతలి క్యారెక్టర్ మన దగ్గరికి వస్తే అది మన మీదికి వచ్చినట్టే ఉంటుంది. కాదంటే ఆ కాదన్న బరువు కూడా మనదే.

అందుకే సినిమాలో పది సెకన్లలో దాటిపోయే సీన్ గేమ్‌లో ప్లేయర్‌కి గుచ్చుకుంటుంది. నేను స్నేహంగా మాట్లాడితే ప్రేమ అనుకున్నారేంటి? నేను వద్దంటే మొహం మాడ్చుకున్నారేంటి? సరదా గేమ్ అన్నారు, మధ్యలో ఈ భయపెట్టే మనిషి ఎవరు? గత కొన్నేళ్లలో పెద్ద గేమ్స్ మీద వచ్చిన కంప్లయింట్లన్నీ ఈ మూడు ప్రశ్నల చుట్టూనే తిరిగాయి. ఒక్కొక్కటీ చూద్దాం.

కేస్ 1: స్నేహంగా ఉంటే ప్రేమ అనుకున్నారు!

బాల్డర్స్ గేట్ 3. బెల్జియంకి చెందిన లారియన్ స్టూడియోస్ 2023 ఆగస్టు 3న రిలీజ్ చేసింది. అదే ఏడాది డిసెంబర్‌లో ది గేమ్ అవార్డ్స్‌లో గేమ్ ఆఫ్ ద ఇయర్ కొట్టింది. కథ సీరియస్సే అయినా అడుగడుగునా కామెడీ ఉంటుంది. మీతో పాటు తిరిగే జట్టులో చాలామందిని ప్రేమించొచ్చు.

రిలీజైన కొత్తలో ప్లేయర్లకి ఒక వింత ఎదురైంది. జట్టులో వాళ్లతో నాలుగు మంచి మాటలు మాట్లాడితే చాలు, ప్రేమ ప్రపోజల్ వచ్చేస్తోంది. ముఖ్యంగా గేల్ అనే మాంత్రికుడు. మర్యాదగా పలకరించినవాళ్లంతా తనని ఇష్టపడుతున్నారని అనుకునేవాడు. కాదంటే పాపం బాధపడేవాడు. 'బాబూ, నేను నీతో ఫ్రెండ్‌గానే ఉన్నా కదా' అని ప్లేయర్లు తల పట్టుకున్నారు. మీమ్స్ మోతెక్కిపోయాయి.

తర్వాత లారియన్ అధినేత స్వెన్ వింకే ఇంటర్వ్యూలో అసలు సంగతి చెప్పారు. అది వాళ్లు కావాలని రాసింది కాదట, బగ్ అట. ఈ గేమ్‌లో ప్రతి క్యారెక్టర్‌కీ మీ మీద ఒక అప్రూవల్ లెక్క నడుస్తుంటుంది. మీరు చేసిన పని నచ్చితే పెరుగుతుంది, నచ్చకపోతే తగ్గుతుంది. ఒక గీత దాటితే ప్రేమ సీన్ ఓపెన్ అవుతుంది. ఆ గీతే ఉండాల్సినదానికంటే చాలా కింద పెట్టేశారు. దాన్ని తర్వాత సరిచేశారు.

చూడటానికి ఒక నంబర్ తప్పు. కానీ ఆ ఒక్క నంబర్‌తో గేమ్ టోనే మారిపోయింది. నెమ్మదిగా చిగురించాల్సిన ప్రేమ కామెడీ అయిపోయింది. మంచితనానికీ ప్రేమకీ తేడా తెలియని మనుషుల మధ్య పడ్డట్టయింది. నవ్వి పలకరిస్తే వేరే అర్థం తీసుకునేవాళ్లు నిజజీవితంలో ఎదురైన వాళ్లకి, ముఖ్యంగా అమ్మాయిలకి, ఇదెంత చిరాకో ప్రత్యేకంగా చెప్పక్కర్లేదు.

కేస్ 2: సరదా గేమ్ అన్నారు.. వెంటపడేవాడిని పెట్టారు

బాయ్‌ఫ్రెండ్ డంజన్. కెనడాకి చెందిన కిట్‌ఫాక్స్ గేమ్స్ 2021 ఆగస్టు 11న తెచ్చింది. కాన్సెప్ట్ వింటేనే నవ్వొస్తుంది. మీ చేతిలోని కత్తులు, ఆయుధాలు మనుషులుగా మారతాయి. వాటితో రాక్షసుల్ని కొట్టాలి, తర్వాత వాటితోనే డేట్‌కి వెళ్లాలి! పోస్టర్లు, రంగులు, పాటలు అన్నీ జాలీగా ఉంటాయి.

కానీ కథలో ఒక వ్యక్తి మీరు వద్దన్నా వెంటపడతాడు, మెసేజ్‌లు పెడతాడు. అతన్ని తప్పించుకునే దారి ప్లేయర్‌కి లేదు. మెయిన్ కథే అది. గేమ్ మొదట్లో ఒక హెచ్చరిక ఇచ్చారు. అయితే వెంటపడటం గురించి ప్రస్తావనలు 'ఉండొచ్చు' అన్నట్టు మెత్తగా రాశారు. అలాంటివి నిజంగా అనుభవించిన ప్లేయర్లు కొందరు, రంగురంగుల పోస్టర్ చూసి లోపలికొచ్చి ఉలిక్కిపడ్డారు. హెచ్చరిక సరిపోలేదన్న విమర్శలొచ్చాయి. స్టూడియో దాన్ని మరింత స్పష్టంగా మార్చింది.

ఇక్కడ అవతలి వాదన కూడా వినాలి. వెంటపడటం తప్పు అని చెప్పడానికే కదా ఆ క్యారెక్టర్‌ని పెట్టారు, కష్టమైన విషయాలు తీసేస్తూ పోతే కథల్లో ఏం మిగులుతుంది అని చాలామంది ప్లేయర్లే అడిగారు. అందులో న్యాయం ఉంది. తీసేయమన్నవాళ్లు ఉన్నారు. ముందే గట్టిగా చెప్పి ఉంటే చాలన్నవాళ్లూ ఉన్నారు. స్టూడియో రెండో దారే ఎంచుకుంది. కథ మార్చలేదు, హెచ్చరిక మార్చింది.

ఇదే గేమ్‌లో ఇంకో మంచి పని చేశారు. కథలో మీ అమ్మ నుంచి మెసేజ్‌లు వస్తుంటాయి. అవి వద్దనుకుంటే మొదట్లోనే ఆపేసుకోవచ్చు. అమ్మని కోల్పోయినవాళ్లు, అమ్మతో మాటల్లేనివాళ్లు కూడా ఆడతారు కదా అన్న ఆలోచన అది. ఒక్క చిన్న ప్రశ్న, అవును లేదా కాదు. అంతే.

ఈ గొడవలో చేదు విషయం కూడా ఒకటి జరిగింది. ఆ వెంటపడే క్యారెక్టర్‌కి గొంతు ఇచ్చిన నటుడిని కొందరు వేధించారు. విలన్ వేషం వేసినవాడిని నిజంగా విలన్ అనుకోవడం అన్నమాట. కథలో వేధింపు వద్దంటూ బయట ఒక మనిషిని వేధించడం.. దీన్ని ఏ వాదనా సమర్థించలేదు.

కేస్ 3: జోకులు ఎక్కువయ్యాయి.. తర్వాత తక్కువయ్యాయి!

ఇది టోన్ గొడవల్లో పెద్దది. డ్రాగన్ ఏజ్ సిరీస్ అంటే డార్క్ ఫాంటసీ. కెనడాకి చెందిన బయోవేర్ తీస్తుంది. అందులో జట్టు మనుషులతో ప్రేమ కథలకి పెద్ద ఫ్యాన్ బేస్ ఉంది. కొత్త పార్ట్ 'ది వీల్‌గార్డ్' ఫస్ట్ ట్రైలర్ 2024 జూన్‌లో వచ్చింది. రంగులు, పంచ్ డైలాగులు, సూపర్‌హీరో సినిమా స్టైల్ ఇంట్రోలు. పాత ఫ్యాన్స్ భగ్గుమన్నారు. ఇది మా గేమేనా అన్నారు.

గేమ్ 2024 అక్టోబర్ 31న రిలీజైంది. ఇందులో ఏడుగురు జట్టు సభ్యులు. ఏడుగురినీ ప్రేమించొచ్చు. ఫైటింగ్ బాగుందన్నవాళ్లు చాలామందే ఉన్నారు. కానీ మాటలు మరీ తేలిగ్గా ఉన్నాయని, ప్రేమ కథలు ఎప్పుడో చివర్లో గానీ కదలడం లేదని విమర్శలొచ్చాయి. 2025 జనవరిలో పబ్లిషర్ ఈఏ లెక్క చెప్పింది. ఆ క్వార్టర్‌లో గేమ్ ఆడినవాళ్లు దాదాపు 15 లక్షల మంది. వాళ్లు అనుకున్నదానికంటే సుమారు 50 శాతం తక్కువ.

ఎందుకిలా అయింది? 2025 జులైలో బ్లూమ్‌బర్గ్ ఒక కథనం ఇచ్చింది. దాని ప్రకారం గేమ్‌ని ఒక దశలో ఆన్‌లైన్ మల్టీప్లేయర్‌గా తయారుచేశారు. అప్పుడు సరదా, వెటకారం టోన్ పెట్టుకున్నారు. తర్వాత సింగిల్ ప్లేయర్‌కి మారారు. ఈలోపు 2023 జనవరిలో ఫర్‌స్పోకెన్ అనే వేరే ఫాంటసీ గేమ్ వచ్చింది. అందులో హీరోయిన్ వెటకారపు డైలాగుల మీద ఇంటర్నెట్ అంతా జోకులే. అది చూసి బయోవేర్‌లో పెద్దలు భయపడి, డైలాగుల్ని సీరియస్‌గా తిరగరాయమన్నారు. ఫలితం.. ఒక సీన్ ఒకలా, ఇంకో సీన్ ఇంకోలా తయారైంది.

ఇందులో మనం పట్టుకోవాల్సింది ఒకటుంది. సరదా టోన్ తప్పు కాదు, సీరియస్ టోనూ తప్పు కాదు. నవ్విస్తానని కూర్చోబెట్టి ఏడిపించబోతేనే, ఏడిపిస్తానని పిలిచి జోకులేస్తేనే సమస్య. పెళ్లి భోజనానికి పిలిచి ఉపవాసం పెట్టినట్టు ఉంటుంది. అలాంటి చోట లవ్ ట్రాక్ ఇంకా దెబ్బతింటుంది. ఎందుకంటే పక్క సీన్‌లో పంచ్ వేసిన క్యారెక్టర్ ఇప్పుడు కన్నీళ్లు పెట్టుకుంటే, నమ్మాలా వద్దా అని ప్లేయర్‌కి డౌట్.

'నో' చెప్పడం తెలిసిన గేమ్స్

మరి ప్లేయర్లు మెచ్చుకున్న గేమ్స్ ఏం చేశాయి? రెండు ఉదాహరణలు చాలు.

మొదటిది హేడిస్. అమెరికాకి చెందిన సూపర్‌జెయింట్ గేమ్స్ 2020 సెప్టెంబర్‌లో పూర్తి వెర్షన్ రిలీజ్ చేసింది. గ్రీకు పురాణాల్లో చావు లోకాన్ని ఏలే దేవుడి కొడుకు ఇంట్లోంచి పారిపోవాలనుకుంటాడు. అంటే మన లెక్కలో యముడి కొడుకు కథ అనుకోండి. కామెడీ దండిగా ఉంటుంది. ఆ ఇంట్లో డ్యూసా అని పనమ్మాయి ఉంటుంది. గాల్లో తేలే తల మాత్రమే, జుట్టు అంతా పాములు! మీరు బహుమతులిస్తూ చనువు పెంచుకుంటూ పోతే, చివరికి ఆమె మీతో స్నేహమే చాలంటుంది. మీటర్ మొత్తం నింపినా ప్రేమ రాదు. ప్లేయర్ ఎంత కష్టపడ్డాడన్నది కాదు, ఆమెకి ఇష్టం ఉందా లేదా అన్నదే లెక్క. ఆ స్నేహాన్ని ఓటమిలా కాకుండా ఒక మంచి ముగింపులా చూపించారు.

పదిసార్లు అడిగితే పదకొండోసారి ఒప్పుకుంటుంది అనే సినిమా లెక్కకి అలవాటుపడ్డ మనకి ఇది చిన్న షాకే. కానీ గిఫ్ట్ ఇస్తే ప్రేమ బాకీ ఉన్నట్టు కాదు అన్న మాటని లెక్చర్ లేకుండా, నవ్విస్తూనే చెప్పేసింది ఈ గేమ్.

రెండోది స్టార్‌డ్యూ వ్యాలీ. ఎరిక్ బరోన్ అనే ఒక్క మనిషి తయారుచేశాడు. 2016 ఫిబ్రవరిలో వచ్చింది. 2019 నుంచి ఆండ్రాయిడ్ ఫోన్లలోనూ ఉంది. ఇప్పటికి 4 కోట్లకు పైగా కాపీలు అమ్ముడయ్యాయి. పల్లెటూరు, వ్యవసాయం, పక్కనే మాంత్రికుడు, గుహల్లో చిత్రమైన జీవులు. ఊళ్లో 12 మందిలో ఎవరినైనా పెళ్లి చేసుకోవచ్చు. అసలు చేసుకోకుండా కూడా ఆడొచ్చు. పొలం పనులు చేసుకుంటూ ఒంటరిగా ఉన్నా ఎవరూ పెళ్లెప్పుడని అడగరు. ఈ ఒక్క విషయంలో మాత్రం మన ఊళ్లకంటే బెటర్!

ఇక్కడ ప్రేమ సిగ్నల్ చాలా స్పష్టం. ఎనిమిది హార్ట్స్ దాకా స్నేహమే. ఆపైన పూలగుత్తి కొనిస్తేనే ప్రేమ మొదలవుతుంది. అంటే మీరు కావాలని అడుగు వేస్తే తప్ప ఏదీ మీ మీద పడదు. ముందే ఇస్తే అవతలివాళ్లు తీసుకోరు. ప్లేయర్ల మాట వినడంలోనూ ఈ గేమ్‌కి మంచి పేరుంది. మొదట్లో షేన్, ఎమిలీ అనే ఇద్దరిని పెళ్లి చేసుకునే వీలు లేదు. 2016 అక్టోబర్ అప్‌డేట్‌లో కలిపారు. తర్వాత 2019 అప్‌డేట్‌లో క్రోబస్ అనే నీడలాంటి జీవితో పెళ్లి, ప్రేమ ఏమీ లేకుండా రూమ్మేట్‌గా కలిసి ఉండే దారి కూడా ఇచ్చారు. జీవితంలోనే రొమాన్స్ మీద ఆసక్తి లేనివాళ్లు ఉంటారు. వాళ్లకీ ఇంట్లో ఒక తోడు కావాలి కదా.

ముద్దు సీన్‌కి డైమండ్స్!

ఇక ఫోన్‌లో ఎక్కువగా ఆడే రకం వేరు. 'చాయిసెస్: స్టోరీస్ యూ ప్లే' లాంటి ఫ్రీ యాప్స్. 2016లో వచ్చిన ఈ యాప్‌లో మొదటి కథల్లోనే ఒక ఫాంటసీ కథ ఉంది. డౌన్‌లోడ్ ఫ్రీ, చదవడం ఫ్రీ. కానీ కథలో మంచి పాయింట్ దగ్గర రెండు బటన్లు వస్తాయి. ఒకటి మామూలు జవాబు. రెండోదాని పక్కన డైమండ్ గుర్తు. నచ్చిన మనిషితో ఏకాంతంగా మాట్లాడాలన్నా, మంచి డ్రెస్ వేసుకోవాలన్నా చాలాసార్లు డైమండ్సే. ఆడుతూ సంపాదించేవి కొన్నే. మిగతావి డబ్బు పెట్టి కొనాలి.

ఇక్కడ ప్లేయర్ల కోపం రేటు ఒక్కదాని మీదే కాదు. డైమండ్ పెట్టకపోతే మనం ఆ మనిషిని పట్టించుకోనట్టు కథ నడుస్తుంది. అంటే ప్రేమ ఉందా లేదా అన్నది మన ఎంపిక కాకుండా, మన వాలెట్ తేల్చే విషయం అయిపోతుంది. సరదా కథలో ఉన్నట్టుండి షాపు వాడు వచ్చి కూర్చున్నట్టు ఉంటుంది.

తల్లిదండ్రులకి ఒక క్లారిటీ. 2025 ఆగస్టులో పార్లమెంట్ ఆమోదించిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం టార్గెట్ చేసింది డబ్బు గెలవొచ్చన్న ఆశతో డబ్బు పెట్టి ఆడే గేమ్స్‌ని. కథా గేమ్‌లో డైమండ్స్ కొంటే తిరిగి డబ్బు రాదు. కాబట్టి అది పందెం కాదు, ఖర్చు. కానీ పిల్లల చేతిలో ఫోన్, ఫోన్‌లో పేమెంట్ సెట్టింగ్ ఓపెన్‌గా ఉంటే ఆ ఖర్చు నెలాఖరుకి గానీ తెలియదు.

మరి ఇలాంటి గేమ్ తెలుగులో వస్తే?

పైన చెప్పిన గేమ్స్ ఏవీ అధికారికంగా తెలుగులో లేవు. కానీ హైదరాబాద్‌లో గేమ్స్ తయారయ్యేది లేదనుకుంటే పొరపాటు. ఇక్కడి ఓగర్ హెడ్ స్టూడియో మన పురాణాల స్ఫూర్తితో 'అసుర' అనే యాక్షన్ గేమ్‌ని 2017లోనే తెచ్చింది. దేశంలోని గేమ్ డెవలపర్ల పెద్ద సదస్సు ఐజీడీసీ కూడా 2024 నవంబర్‌లో మన దగ్గరే జరిగింది. రేపు అల్వాల్ కుర్రాళ్లో, మేడ్చల్ ఇంజినీరింగ్ కాలేజీ అమ్మాయిలో తెలుగులో ఒక సరదా జానపద గేమ్ రాయరని ఏముంది?

రాస్తే తెలుగుకి ఒక సూపర్ అడ్వాంటేజ్ ఉంది. ఇంగ్లీష్‌లో అందరూ ఒకటే 'యూ'. మనకి 'మీరు' వేరు, 'నువ్వు' వేరు. పరాయి మనిషిలా 'మీరు' అంటూ వచ్చిన రాజకుమారి ఒకరోజు 'నువ్వు' అంటే చాలు. గుండె గుర్తు, పాయింట్ల మీటర్ ఏదీ అక్కర్లేదు. ప్లేయర్‌కి విషయం అర్థమైపోతుంది. అక్కడే 'నువ్వనొద్దు, మీరనే పిలవండి' అని ఒక ఆప్షన్ పెడితే.. ఎవరి మనసూ నొప్పించకుండా నో చెప్పినట్టే.

ఇంకోటి. హిందీలో 'నేను వచ్చాను' అనాలంటే ఆడా మగా తెలియాలి. తెలుగులో అక్కర్లేదు. వచ్చాను, వచ్చావు.. ఎవరైనా ఇంతే. అంటే ప్లేయర్ అబ్బాయైనా, అమ్మాయైనా ఒకే డైలాగ్ సరిపోతుంది. అయితే రా, వే, బావా, పిల్లా లాంటి పిలుపుల దగ్గర జాగ్రత్త పడాలి. 'ఏందే' అని దోస్తు అంటే నవ్వొస్తుంది. ముక్కూమొహం తెలియనివాడు అంటే చెంప పగలగొట్టాలనిపిస్తుంది. టోన్ అంటే ఇదే మరి. ఒక్క అక్షరంలో మారిపోతుంది.

డౌన్‌లోడ్ చేసే ముందు ఇవి చూసుకోండి

• వయసు రేటింగ్: ప్లే స్టోర్‌లో గేమ్ పేరు కిందే 7+, 12+, 16+, 18+ అని ఉంటుంది. బొమ్మలు ముద్దుగా ఉన్నాయని పిల్లల గేమ్ అనుకోవద్దు. బాల్డర్స్ గేట్ 3 పూర్తిగా పెద్దవాళ్ల గేమ్. స్టార్‌డ్యూ వ్యాలీకి అమెరికా రేటింగ్ ప్రకారం పదేళ్లు దాటితే చాలు.

• హెచ్చరికల పేజీ: గేమ్ ఓపెన్ చేయగానే వచ్చే కంటెంట్ వార్నింగ్‌ని స్కిప్ కొట్టొద్దు. రెండు నిమిషాల పని.

• వద్దనే ఆప్షన్: రొమాన్స్ లేకుండా కథ పూర్తి చేయొచ్చా లేదా రివ్యూల్లో చూడండి. ఈ ప్రశ్నకి జవాబు దాదాపు ప్రతి గేమ్‌కీ దొరుకుతుంది.

• పేమెంట్ లాక్: ప్లే స్టోర్ సెట్టింగ్స్‌లో ప్రతి కొనుగోలుకీ పాస్‌వర్డ్ లేదా వేలిముద్ర అడిగేలా పెట్టుకోండి. ఇంట్లో పిల్లలుంటే ఇది తప్పనిసరి.

• కంప్లయింట్ గేమ్ మీద చేయండి, మనిషి మీద కాదు: నచ్చకపోతే రివ్యూ రాయండి, రేటింగ్ తగ్గించండి. నటుల, రైటర్ల ఇన్‌బాక్స్‌లోకి వెళ్లి తిట్టడం అభిప్రాయం కాదు, వేధింపు.

చివరిగా..

ప్రేమ కావాలన్నవాళ్లు, వద్దన్నవాళ్లు నిజానికి రెండు వర్గాలు కాదు. ఇద్దరూ అడిగేది ఒకటే.. నా తరఫున గేమ్ నిర్ణయం తీసుకోవద్దు. ప్రేమ కావాలన్నవాళ్లకి దాన్ని జోకు చేయని కథ కావాలి. వద్దన్నవాళ్లకి వద్దన్నా చెడిపోని కథ కావాలి. ఈ రెండూ ఇచ్చిన గేమ్స్‌ని రెండు వర్గాలూ నెత్తిన పెట్టుకున్నాయి. ఇవ్వనివాటికి రెండు వైపుల నుంచీ పడ్డాయి.

గేమ్‌లో ఎవరైనా వద్దంటే ఊరుకోవడం, ఎవరికైనా వద్దని చెప్పి హాయిగా ముందుకెళ్లడం.. ఈ రెండూ అలవాటైన కుర్రాళ్లు ఫోన్ పక్కన పెట్టాక కూడా కాస్త మెరుగ్గానే ఉంటారని ఆశ. కనీసం నవ్వి పలకరించిన ప్రతి అమ్మాయీ ప్రపోజ్ చేసిందనుకోరు.

మరి మీరేమంటారు? మీరు ఆడిన గేమ్‌లో లవ్ ట్రాక్ నచ్చిందా, స్కిప్ కొట్టారా? ఎందుకో కామెంట్‌లో చెప్పండి.